పడవ ఎటు చూస్తోంది

పోయిన వారం పోలిరాజును బెంగుళూరు హూడిలో, పాపక్క ఇంటి మూడో అంతస్తు మెట్ల మీద వదిలి వచ్చాం. చేతిలో పాల పాకెట్టు, ఎదురుగా తాళం వేసిన తన గది, ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చున్న వదిన పైడమ్మ. భీమిలి రేవులో ఎవరికీ చెప్పకుండా ఒక్కతే రైలెక్కి వచ్చేసింది. ఎందుకు వచ్చావని పోలిరాజు అడగలేదు. తనకు తెలుసనుకున్నాడు.

తెలియడానికి ఏముంది? రెండేళ్ళ కిందట అతని అన్న మసేను ఒక్కడే చిన్న తెప్ప వేసుకొని వేటకు వెళ్ళాడు. మర్నాడు ఉత్తరాన రెండు ఊళ్ళ అవతల, ఇసుకలో తెప్ప దొరికింది. మనిషి దొరకలేదు. ఇప్పుడు తండ్రి నూకన్న కొత్త ఫైబరు పడవ చేయించాడు. వేట నిషేధం ఎత్తేసే రోజునే దాన్ని దింపాలని ఆయన పంతం. అయితే వాళ్ళ రేవులో ఒక కట్టుబాటు ఉంది. సముద్రానికి మనిషిని పోగొట్టుకున్న ఇంటి నుంచి కొత్త పడవ నీళ్ళు తాకాలంటే ముందు ఆ మనిషిని గంగమ్మకు అప్పగించాలి. ఒకే తల్లి కడుపున పుట్టినవాడు, పోయినవాడి చొక్కా చేతబట్టి నడుములోతు నీళ్ళలోకి నడిచి, పేరు పెట్టి పిలవాలి. ఎవరూ పలకరు. పలకలేదు కాబట్టి చొక్కాను అలకు వదిలేస్తారు. ఒడ్డున భార్య గాజులు తీస్తారు. పడవ ఆ తర్వాతే.

మసేనుకు ఒకే ఒక్క తమ్ముడు. ఈ సాయంత్రం కులపెద్దలు నూకన్న ఇంటి ముందు కూర్చున్నప్పుడు పోలిరాజు ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పాలి. ఆ ఒక్క మాట కోసం కొత్త పడవ ఇసుకలో ఆగి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం. పైడమ్మ స్నానం చేసి, మూట విప్పి, అడక్కుండానే స్టవ్ దగ్గరికి వెళ్ళింది. మూటలో ఎండు నెత్తళ్ళు తెచ్చింది. బాణలిలో వేసేసరికి ఆ వాసన గదిలోంచి మెట్ల మీదికి, మెట్ల మీదనుంచి వీధిలోకి వెళ్ళిపోయింది. పోలిరాజు కిటికీ తెరిచాడు. రెండేళ్ళుగా అతడు సముద్రపు చేప ముట్టలేదు. బెళ్ళందూరు ఆఫీసులో శుక్రవారాలు చేపల పులుసు పెడితే, పడదని చెప్పి పెరుగన్నం తినేవాడు. ఎందుకు పడదో ఎవరూ అడగలేదు, అతడూ చెప్పలేదు. అన్నను తిన్న నీళ్ళలో పెరిగిన చేప అని ఎవరితో చెప్పుకుంటాడు?

గదిలో కంచం ఒకటే ఉంది. ఆ సంగతి పైడమ్మ చూసింది. మరిదికి కంచంలో పెట్టి, తాను గిన్నె మూతలో పెట్టుకుంది.

ఇంతలో కింది నుంచి ఇల్లుగలామె పాపక్క ఆయాసపడుతూ పైకి వచ్చింది. తాతల నాటి నుంచి ఈ ఊళ్ళోనే స్థిరపడిన మనిషి. హూడి పొలాలుగా ఉన్నప్పుడు చూసింది, ఇప్పుడు ఆ పొలంలో కట్టిన ఇంటి అద్దెలతో బతుకుతోంది. గుమ్మంలో నిలబడి వాసన పీల్చింది.

"ఏమప్పా రాజు, ఇన్ని దినాలు నువ్వు చేపా మాంసం ముట్టని పుల్చారు మనిషివనుకొని ఉంటిని. వీధంతా ఒకటే వాసన ఉండాది."

పోలిరాజు క్షమించమన్నాడు, కిటికీ తీశానన్నాడు.

"కిటికీ ఎందుకప్పా తీసేది? మూసి పెట్టు, వాసన పోతాది. నాకో గిన్నెలో ఈమ్మా చెల్లీ, నా మొగుడు పోయినాక ఇంట్లో ఎవరూ చేపలు చేసేది లేదు."

పైడమ్మ ఆమెకు గిన్నె నిండా పెట్టి ఇచ్చింది. పాపక్క వెళ్తూ వెళ్తూ పైడమ్మ చేతుల వైపు, ఆ ఎర్రగాజుల వైపు చూసి, మీ ఆయన రాలేదా అని అడిగింది. పైడమ్మ తడుముకోలేదు. పనుంది, రాలేదు అని చెప్పింది. ఊళ్ళో ఉన్న మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

పాపక్క దిగిపోయాక పోలిరాజు అన్నం కలుపుతూ తల ఎత్తకుండా మాట తీశాడు. రాత్రంతా మనసులో కూడబలుక్కున్న మాటలే. అయ్య చెప్పినట్టే వస్తానన్నాడు. ఆఫీసులో సెలవు పెడతానన్నాడు. తన చేత్తో చొక్కా వదలాలంటే ప్రాణం పోతుంది గానీ, పడవ దిగకపోతే ఇంటికి దారి లేదు కదా అన్నాడు. గాజుల మాట దగ్గర అన్నం కలపడం ఆపాడు. వదినా, ఈ కాలంలో అవన్నీ తీయక్కర్లేదు, నేను పెద్దలతో మాట్లాడతాను అన్నాడు.

పైడమ్మ అంతా వింది. మూతలోని అన్నం అలాగే ఉంది.

"నువ్వు రావొద్దు," అంది. "అది సెప్పడానికే వచ్చినాను."

పోలిరాజుకు అర్థం కాలేదు.

"ఉన్నోడి పేరెట్టి సంద్రంలో పిలవకూడదు, రాజూ. మీ అన్న ఉన్నాడు."

రెండేళ్ళలో ఈ మాట ఎన్ని రాత్రులు కలలో వినలేదు! ప్రతిసారీ లేచి, ఫ్యాను చప్పుడు వింటూ, కాదని తనకు తాను చెప్పుకునేవాడు. ఆశ పట్టుకొని వేలాడేవాళ్ళను చూశాడు గనుక, ఆమెను జాలిగా చూశాడు. నెమ్మదిగా చెప్పబోయాడు. తెప్ప మన కళ్ళతో మనం చూశాం కదా వదినా, అని.

"నువ్వు సూసింది మూడో పూట. నాను సూసింది మొదట."

అప్పుడు చెప్పింది. ఆ రోజు పొద్దున్నే తెప్ప దొరికిందని కబురు రాగానే ఆటోలో వెళ్ళింది ఆమె, మామ నూకన్న, ఇద్దరే. ఆటో డ్రైవరు రోడ్డు మీద ఆగిపోయాడు. ఇసుకలో వీళ్ళిద్దరే నడిచి వెళ్ళారు. తెప్ప అల అందని చోట, పొడి ఇసుకలో ఉంది. ముక్కు సముద్రం వైపు చూస్తోంది.

ఇక్కడ చదివేవారికి ఒక మాట చెప్పాలి. మనిషి లేకుండా కొట్టుకొచ్చిన తెప్ప ఒడ్డున అడ్డంగా పడుతుంది. అల దాన్ని పక్కకు దొర్లించి, కర్రదుంగను వదిలినట్టు వదులుతుంది. కానీ చేత్తో లాగిన తెప్పను ఆ రేవు మనిషి ఎవడూ అలా వదలడు. ఎంత అలిసిపోయినా, చీకటైనా, వాన కురుస్తున్నా, పైకి లాగాక భుజం ఆనించి గుండ్రంగా తిప్పి, ముక్కు సముద్రం వైపు పెట్టి గానీ ఇంటికి పోడు. రేపటి వేటకు అది ఎదురు చూస్తూ ఉండాలి. బువ్వ తినడానికి చెయ్యి కడుక్కున్నట్టు, ఆలోచించి చేసే పని కాదు అది.

"వల మడిసి ఉంది," అంది పైడమ్మ. "తెడ్డు లోపలెట్టి ఉంది. పారిపోయినోడు పారిపోకుండా, తెప్పని తిప్పి నిలబెట్టి మరీ పోనాడు. అదొక్కటీ మానలేకపోనాడు ఆ మహానుబావుడు."

పోలిరాజు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. మరి అయ్య? అయ్య చూడలేదా?

పైడమ్మ ఆ మాటకు కాస్త నవ్వింది. అది నవ్వు కాదు.

నూకన్న చూశాడు. తెప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆటో డ్రైవరు ఇటు చూస్తున్నాడేమోనని రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత పంచె ఎగగట్టి, తెప్పకు భుజం ఆనించి, అంత ముసలి మనిషీ ఒక్కడే దాన్ని తడి ఇసుకలోకి తోసి, పక్కకు తిప్పాడు. వలను కాలితో చెదరగొట్టాడు. తెడ్డు తీసి నీళ్ళలోకి విసిరేశాడు. విసిరాక కోడలి వైపు తిరిగి ఒకే ఒక్క మాట చెప్పాడు. అది చెప్పాకే ఇసుకలో కూలబడి, కొడుకు పేరు పెట్టి ఏడుపు మొదలెట్టాడు. ఆ ఏడుపు నిజమైందే, రాజూ, అంది పైడమ్మ. అందుకే నాను నోరెత్తలేకపోనాను.

"ఏటన్నాడు?"

"సంద్రం తీసుకుందనుకో. పరువుగా ఉంటాది, అన్నాడు."

కింద వీధిలో ఎవరో పిల్లలు బంతి ఆడుతున్నారు. బంతి గోడకు తగిలిన చప్పుడు, మళ్ళీ తగిలిన చప్పుడు. అన్న పారిపోవడం ఏమిటి? రేవులో పడవను అలల వరస దాటించడంలో మసేను తర్వాతే ఎవరైనా. తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించింది ఆ భుజాలే. హైస్కూలు రోజుల్లో పోలిరాజు పుస్తకాల సంచీ నెత్తిన పెట్టుకొని వరద నీళ్ళు దాటించింది ఆ మనిషే.

ఎందుకు పారిపోయాడో పైడమ్మే చెప్పింది. అవన్నీ పోలిరాజు బెంగుళూరు వచ్చాక జరిగిన సంగతులు. ఒక వేకువ, పడవ దింపుతుంటే అలల దగ్గరే బోల్తా కొట్టింది. కూడా ఉన్న కలాసీ కుర్రాడు పడవ కింద పడిపోయాడు. మసేను మునిగి పట్టుకున్నాడు గానీ చెయ్యి జారింది, కుర్రాడు దక్కలేదు. అప్పటినుంచి అతనికి సముద్రం చేతకాలేదు. రోజూ లేస్తాడు. వల భుజాన వేసుకుంటాడు. పడవ తోసుకుంటూ వెళ్తాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చేసరికి కాళ్ళు కొయ్యబారిపోతాయి. ఇంజను బాగాలేదని, వల చిరిగిందని, గాలి మారిందని రోజుకో సాకు. ఊరు కొన్నాళ్ళు నమ్మింది, ఆ తర్వాత నవ్వింది.

"మీ అయ్య నలుగుర్లో అన్నాడు. నీ పెళ్ళానికి పంచె కట్టి సంద్రంలోకి పంపీ, నువ్వింట్లో పొయ్యి ఊదుకో అని. ఆ రేత్రి మీ అన్న బువ్వ తిన్లేదు. తెల్లారి సంద్రం సల్లగా ఉంది. ఒడ్డెంటే ఎల్లిపోనాడు. నాను గుమ్మంలో నిలబడి సూసినాను. లోతుకి పోలేదు, ఒడ్డెంటే పోనాడు."

"తెలిసీ!" అన్నాడు పోలిరాజు. "తెలిసీ నన్ను రెండేళ్ళు ఎందుకు ఏడవనిచ్చినావు వదినా? నానిక్కడ ఒక్కణ్ణీ ఈ గదిలో… ఆ వారం అన్న ఫోన్ చేసి ఓపాలి రారా అన్నాడు. పనుంది రాలేనన్నాను. నాను వచ్చుంటే బతికుండునని రోజూ…"

ఆ మాట పూర్తికాలేదు. పైడమ్మ అతన్ని పూర్తిగా ఏడవనిచ్చింది. దగ్గరికి రాలేదు, ఓదార్చలేదు. తర్వాత అంది:

"నువ్వు ఏడిసినావు. నాను ఏడిసినట్టు కనబడాల్సొచ్చింది. ఏది కట్టమో సదువుకున్నోడివి నువ్వే సెప్పు."



భయం పోతే వస్తాడనుకుంది ఆమె. నోరు విప్పితే పిరికివాడన్న పేరు వస్తుంది, వచ్చిన పేరు ఆ రేవులో పోదు, అందుకని మూసుకుంది. ఇంకా దొరకలేదు కదా అని చెప్పి గాజులు ఉంచుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెను పిచ్చిదానిలా చూశారు. చూడనిచ్చింది. ఇప్పుడు కొత్త పడవతో ఆ గడువు అయిపోయింది. బతికున్న మనిషిని పేరు పెట్టి సముద్రానికి ఇచ్చేస్తే, ఆ తల్లి ఇచ్చిన మనిషిని ఎలాగైనా తీసుకుంటుందని ఆమె నమ్మకం. అదొకటి. రెండోది, నమ్మకం కాదు. ఉన్నవాడికి విధవనై ఆ పడవను దింపలేను అంది. అంతే.

మరి అన్న ఎక్కడున్నాడు? ఆమెకు ఎలా తెలిసింది?

రియాజ్ చూశాడంది. విశాఖ హార్బరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకొని బెంగుళూరు వచ్చే లారీ డ్రైవరు. మసేను ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్న మనిషి. పోయిన నెల బెంగుళూరు శివారు హోస్కోటె దగ్గర టీ తాగుతుంటే, తాగునీళ్ళ క్యాన్లు దించుతూ కనిపించాడట. మసేనన్నా అని పిలిస్తే వెనక్కి తిరగలేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. వెళ్తున్న ఆటోకి రియాజ్ ఫోటో తీశాడు. వెనక క్యాన్ల మీద పరదా, పరదా కింద పెద్ద అక్షరాలతో ఫోన్ నంబరు.

"ఫోన్ సేసినాను," అంది పైడమ్మ తల దించుకొని. "ఆడి గొంతే. ఏదో అరవ మాటో కన్నడం మాటో మాట్లాడినాడు. ఆడి గొంతే. కట్టీసినాను. నా గొంతు ఇంటే ఇల్లు మార్చీసి పారిపోతాడు. నీ గొంతు ఇంటే నిలబడతాడు. నిన్ను ఎత్తుకు పెంచినాడు."

ఇందుకు వచ్చింది ఆమె ఇంత దూరం.

పోలిరాజు చెయ్యి కడుక్కొని, తుడుచుకొని, ఫోన్ తీశాడు. ఆఫీసులో రోజుకు ఎన్నో ఫోన్లు మాట్లాడే మనిషి, ఒక్కో అంకె నొక్కడానికి ఆలోచించాడు. స్పీకరు పెట్టి మంచం మీద ఇద్దరికీ మధ్య ఉంచాడు. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మోగింది. మోగుతూనే ఉంది. ఇక ఎత్తడనుకున్నప్పుడు ఎత్తాడు.

"హలో, వాటర్ క్యాన్. యావ ఏరియా సార్?"

ఏ ఏరియా అని అడుగుతున్నది ఈ ఊరి కన్నడమే, ఈ ఊరి యాసే. కానీ ఆ గొంతు అడుగున, అలల మీదుగా అవతలి పడవకు కేకవేసే మనిషి ఉన్నాడు. పోలిరాజు నోరు తెరిచాడు. అవతల మనిషి మరోసారి అడిగాడు, విసుగ్గా.

"అన్నా. నాను, రాజుని."

పెట్టేశాడేమోనని పోలిరాజు ఫోన్ వైపు వంగి చూశాడు. లేదు. ఊపిరి వినిపిస్తోంది.

అప్పుడు చెప్పడం మొదలెట్టాడు. ఏది ముందో ఏది వెనకో తెలియకుండా చెప్పాడు. కొత్త పడవ సంగతి, అయ్య పంతం, పెద్దలు సాయంత్రం కూర్చుంటున్న సంగతి. తనను నీళ్ళలో దిగి పిలవమంటున్నారని చెప్పాడు. నీ చొక్కా వదలమంటున్నారన్నా, అన్నాడు.

అవతల నుంచి అడిగాడు మసేను.

"ఏ సొక్కా?"

"నీలం గళ్ళది."

"అది ఇంకా సిరగలేదేటి."

పైడమ్మ కళ్ళు మూసుకుంది. ఆ చొక్కాకు మోచేతి దగ్గర కుట్టు వేసింది ఆమే.

"ఒగ్గీ రాజూ," అన్నాడు మసేను. గొంతు మామూలుగానే ఉంది, అదే భరించలేనట్టుంది. "అయ్య సెప్పినట్టు సెయ్యి. నన్ను పిలు. నాను పలకను. పడవ దింపుకోండి. ఆళ్ళందరికీ సంద్రం తిన్న మసేనే బాగుంటాడు. నీకూ బాగుంటాడు. దానికి… మీ వదినకి సెప్పకు."

పైడమ్మ కొంగు తీసేసింది. ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. మంచం మీద ఉన్నదాని వైపు, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలోకి చూసినట్టు చూస్తూ మాట్లాడింది.

"పలక్కపోతే పలక్కు. నువ్వు సంద్రంలోకి రావద్దు. నీ కాళ్ళు బిగిసిపోతే పోనీ, నాకేటి సిగ్గు లేదు. ఆ సంగతి నువ్వు ఎప్పుడూ అడగలేదు, నాను సెప్పలేదు. గానీ ఈ గాజులు సంతలో నీ సేత్తో ఎక్కించినావు. తీస్తే నువ్వే తియ్యాల. రేవులో అందరూ సూడగా వచ్చి తియ్యి. అప్పుడు నువ్వు నాకేటీ కావు, నాను నీకేటీ కాను. ఆ పైన నువ్వు సచ్చినా బతికినా నాను పడవ దింపుకుంటాను. నన్ను మీ అయ్య సేత ముండని సేయించి, నువ్వు నీళ్ళ క్యాన్లు అమ్ముకుంటావా?"

మసేను ఫోన్ పెట్టెయ్యలేదు.

పోలిరాజు గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోయాడు. ఊళ్ళో పెద్దలు ఈపాటికి చాపలు పరుస్తూ ఉంటారు. అయ్యకు ఏం చెప్పాలి? వస్తున్నానంటే అన్న చచ్చినట్టు. రానంటే పడవ ఎండలో పగులుతుంది. నిజం చెబితే, తెప్పను తిప్పి పెట్టిన అయ్య ఆ రేవులో మళ్ళీ తలెత్తడు. ఎలా చెప్పినా ఎవరో ఒకరిని తన నోటితో ముంచాలి.

వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. పాత పేపర్లు, పాత ఇనుము, ప్లాస్టిక్కు అంటూ కన్నడంలో రికార్డు చేసిన గొంతు మైకులో అదే మాట తిరగేసి మరగేసి అరుస్తోంది. ఫోన్లో అన్న ఏమైనా అంటే వినపడదని పోలిరాజు లేచి కిటికీ మూయబోయాడు. బండి వీధి మలుపు దాకా పోయి ఆగింది. మైకు చప్పుడు దూరమైంది.

దూరమైన చప్పుడు గదిలో మాత్రం తగ్గలేదు.

అతడు వెనక్కి తిరిగాడు. ఆ కన్నడం గొంతు మంచం మీద నుంచి, ఫోన్లోంచి వస్తోంది. ఇలాంటి బండ్లు ప్రతి వీధిలో తిరుగుతాయి, అదే రికార్డు ఊరంతా మోగుతుంది అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. అంతలో మైకు ఆగిపోయింది. ఫోన్లో ఇంకో గొంతు వినిపించింది. దూరంగా, కానీ మాట మాటకీ స్పష్టంగా, బండివాణ్ణి కడిగేస్తున్న ఆడగొంతు.

"తూకం తప్పు ఉండాదప్పా. నా కండ్ల ముందర ఇంకోతూరి పెట్టు."

పాపక్క. ఈ వీధి మలుపులోనే.

పైడమ్మ మరిది ముఖం చూసింది. చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసింది.

ఫోన్లో మసేను ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాడు. మెట్ల మీద పైడమ్మ అడుగుల చప్పుడు అప్పుడే రెండో అంతస్తు దాటింది.